మా ఆవిడ కబడ్డీ క్యాసెట్టు

మా ఆవిడ పెళ్లికి ముందు కబడ్డీ ఆడేది. ఈ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. పెళ్లయి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమే చెప్పింది. సీతాఫల్‌మండి ఆడపిల్లల జట్టులో ఆడేదట. లాలాగూడ గ్రౌండులో జరిగిన ఫైనల్లో చివరి కూతకు తనే వెళ్లిందట. అప్పటికి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉందట. అవతలి జట్టు పిల్లలు ముగ్గురు మీదపడి పట్టేసినా కూత ఆపకుండా, ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీతను వేలితో తాకిందట. కప్పు వచ్చిందట.

ఈ ‘అట’లు నావి కావు, మా ఇంటివి. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఈ కథను తల ఊపుతూ వినేది. వినడం అయ్యాక, కూరలో ఉప్పు చూశావా అని అడిగేది. మా నాన్న, ఆడపిల్లలు కబడ్డీ ఆడతారా అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. మా అమ్మాయి పెద్దయ్యాక ఇంకో సంగతి కనిపెట్టింది. తన చిన్నప్పుడు అమ్మను పట్టుకున్నది ముగ్గురేనట, తను ఇంటర్‌కి వచ్చేసరికి నలుగురయ్యారట, ఉద్యోగంలో చేరేసరికి ఐదుగురట. ఇంకొన్నాళ్లు ఆగితే జట్టు మొత్తం పట్టుకుంటుందని, ఆ తరవాత రిఫరీ కూడా వచ్చి పడతాడని అనేది. మా ఆవిడ ఈ మాటకు నవ్వేది కాదు. నా సంగతి అడిగితే, నేను నమ్మాననీ కాదు, నమ్మలేదనీ కాదు. మొగుడూ పెళ్లాల మధ్య తప్పనిసరిగా తేలాల్సిన విషయాలు కొన్ని ఉంటాయి. ఇది వాటిలోది కాదనుకున్నాను.

దీనికి సాక్ష్యం ఉందని మాత్రం ఆమె ఎప్పుడూ అనేది. ఆ ఫైనల్‌కు ముఖ్య అతిథిగా ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కమిటీవాళ్లు వీడియో పెట్టించారు. ఆ క్యాసెట్టును జట్టు మాస్టారు మా బావమరిదికి ఇచ్చి, కాపీ తీయించి పట్టుకురమ్మన్నాడు. అక్కడితో దాని చరిత్ర ఆగిపోయింది. తిరిగి ఇచ్చేశానని మా బావమరిది అంటాడు. రాలేదని మాస్టారు అనేవాడు. ఇద్దరూ దేవుడి మీద ఒట్టు పెట్టినవాళ్లే. మాస్టారు పోయాక ఒట్టు ఒకవైపే మిగిలింది. ఆ క్యాసెట్టులో ఏముందో మా ఆవిడ కూడా ఎన్నడూ చూడలేదు.

ఇలాగే గడిచిపోయేది. కానీ నిరుడు నేరేడ్‌మెట్‌లో మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో, పిల్లలు టీవీలో కబడ్డీ చూసి మోజు పడుతున్నారు కాబట్టి ఆడపిల్లలకు ఒక జట్టు పెడదామని ఎవరో అన్నారు. నేర్పేవాళ్లెవరన్నా ఉన్నారా అని సెక్రటరీ అడిగాడు. మా ఆవిడ లేచింది. లేవడానికి ముందు కుర్చీ పట్టుకుంది, ఎందుకంటే ఆమె కుడి మోకాలికి బెల్టు ఉంటుంది. నిలబడి ఫైనల్ సంగతి చెప్పింది. ముగ్గురనే చెప్పింది.

సెక్రటరీ మర్యాదస్తుడు. "ఫొటో గిట్ల ఏమన్న ఉందా మేడమ్? గ్రూపుల పెడదాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాని నవ్వకుండా ఉండటానికి మనిషి ముఖం ఎంత కష్టపడుతుందో ఆ రోజు రెండు వరసల్లో చూశాను. లేదండీ అంది మా ఆవిడ. చూద్దాం మేడమ్ అన్నాడు సెక్రటరీ, తరవాత నీళ్ల ట్యాంకు సంగతి మొదలుపెట్టాడు.

మీటింగు కాగానే మా ఆవిడ లిఫ్టు ఎక్కింది. ఇంటి తలుపు తాళం తీస్తూ, "నాకు ఆ క్యాసెట్ కావాలె" అంది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. లోపలికి వెళ్లి చెప్పులు కూడా విప్పకుండా తమ్ముడికి ఫోన్ చేసి, అటక మీది సామానంతా దించమంది. మా బావమరిది అటక దించాడు. పాత ఇనప్పెట్టెలో, కలరా ఉండల మధ్య, వాళ్ల నాన్నగారి శాలువా కింద క్యాసెట్టు దొరికింది. తనే పట్టుకుని వచ్చి ఇచ్చాడు. టీ తాగుతూ, "యాడికి పోదని నేను అప్పట్నుంచి చెప్తనే ఉన్న గదా అక్కా" అన్నాడు. అలా అతను ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడ క్యాసెట్టు తీసుకుంది. రెండో కప్పు టీ అడిగితే పాలు అయిపోయాయంది.

క్యాసెట్టు వచ్చింది, ఇక దాన్ని ఆడించే మిషన్ కావాలి. మా ఇంట్లో వీసీఆర్ ఉంది. అది మా నాన్నది. ఉంది అన్నమాటే గాని, అది ఆగిపోయి చాలా ఏళ్లయింది. అది ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ప్రపంచం గురించి ఆయనకున్న సిద్ధాంతం ఒకటే: తిరిగేదానికి నూనె పెట్టాలి. ఫ్యానుకు పెట్టాడు, కుట్టుమిషన్‌కు పెట్టాడు, సైకిల్‌కు, గేటు బందులకు, మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గోడ గడియారానికి కూడా పెట్టాడు. అన్నీ బాగానే తిరిగాయి, గడియారం తప్ప. ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండులో వీసీఆర్ కొన్న రోజున ఆయన చేసిన మొదటి పని, మూత విప్పి లోపల ఏమేం తిరుగుతున్నాయో చూడటం. చాలా తిరుగుతున్నాయి. ఆయన ముఖం వెలిగిపోవడం నాకు గుర్తుంది. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం దానికి తలంటు.

ఇది కాక దసరా ఉంది. ఆయుధపూజ రోజున వర్క్‌షాపులో పెద్ద పెద్ద మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి దండలు వేస్తారు. ఇంట్లో మా నాన్న పానాలకు, సుత్తికి, సైకిల్‌కు, మిక్సీకి, వీసీఆర్‌కు పెట్టేవాడు. మామూలు మనుషులైతే వీసీఆర్ పైన ఒక బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు. మా నాన్నకు అది నచ్చదు. పూజ మిషన్‌కు చేయాలి గాని మూతకు కాదు గదా అనేవాడు. అందుకని నాలుగు మరలూ విప్పి, మూత తీసి, లోపల తిరిగే ప్రతి చక్రానికీ విడివిడిగా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆపైన అక్షింతలు. కొబ్బరికాయ మాత్రం బయట కొట్టేవాడు. వర్క్‌షాపులో లేతు మిషన్ ఇవన్నీ తట్టుకుంటుంది. వీసీఆర్ కొన్నేళ్లు తట్టుకుంది. తరవాత క్యాసెట్లు నమలడం మొదలుపెట్టింది. నూనె చాలడం లేదని మా నాన్న తేల్చాడు.

అది పూర్తిగా ఆగిపోయాక మా అమ్మ దాన్ని పాత చీరలో చుట్టి పెట్టింది. పాత సామాన్లవాడికి వేద్దామంటే ఒప్పుకోలేదు. పూజ చేసిన వస్తువును తక్కెట్లో పెట్టకూడదంది. అలా అది మాతోపాటు లాలాగూడ నుంచి నేరేడ్‌మెట్‌కు వచ్చింది. నాన్న పోయాడు, అమ్మ పోయింది, అది మంచం కింద ఉంది.

నేను ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ని. మిషన్ల గురించి నాకు తెలిసినదల్లా మా నాన్న చేసింది చూసి నేర్చుకున్నదే. అందులో ఎంత పనికొస్తుందో అప్పటికి తెలియదు. ఫోన్‌లో వీడియోలు చూశాను. తెల్ల చేతితొడుగులు వేసుకున్న విదేశీయులు ఎంతో నెమ్మదిగా వీసీఆర్ విప్పి చూపిస్తారు. దుమ్ము గురించి చెబుతారు, తేమ గురించి చెబుతారు. పసుపు కుంకుమల గురించి ఒక్కడూ చెప్పడు. బొమ్మ చదివే డ్రమ్ము కింద అక్షింతలు ఇరుక్కుంటే ఎలా తీయాలని ఒకాయన వీడియో కింద రాసి అడిగాను. ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు.

మూత విప్పేసరికి లోపల ఎర్రగా ఉంది. నూనె, కుంకుమ, దుమ్ము కలిసి గట్టిపడి, పళ్లచక్రాల సందుల్లో లక్కలా పట్టుకుంది. రబ్బరు బెల్టులు కరిగి తారు అయిపోయాయి. ఆ తారు నా వేళ్లకు అంటింది, వేళ్ల నుంచి చొక్కాకు, చొక్కా నుంచి సోఫాకు, అక్కడి నుంచి ఎలా వెళ్లిందో ఫ్రిజ్ పిడికి. టేపును పట్టి లాగే చిన్న రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. అది పొడిగా, గరుకుగా ఉండాలి, లేకపోతే టేపు జారిపోయి లోపల కుప్ప పడుతుంది. అది నూనె తాగి తాగి ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ఆ రోజుల్లో క్యాసెట్లు నమిలింది అందుకే.

నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం చూపించడానికి వీల్లేదు కాబట్టి మా ఆవిడ మీద, గుడ్డపేలికలు సరిగ్గా లేవని విసుక్కున్నాను. ఆమె తన పాత జాకెట్టు చింపి ఇచ్చింది. స్పిరిట్‌తో ఆ గట్టిపడినదంతా తుడుస్తూ పోతే, కింద బొట్లు బయటపడ్డాయి. ప్రతి చక్రానికీ ఒక బొట్టు, సరిగ్గా నడిమధ్యన, ఒక్కటి కూడా పక్కకు జరగలేదు. వేలు దూరని సందులో ఉన్న చక్రానికి కూడా ఉంది. దేనితో పెట్టాడో, అగ్గిపుల్లతో పెట్టాడేమో. ఆ బొట్లు ఒక్కొక్కటే తుడిచేశాను. ఆయన పోయిన రోజు కూడా నాకు అంత దిగులు కలగలేదు. ఆ రోజు చాలామంది ఉన్నారు, పనులున్నాయి.

బెల్టుల కోసం సీతాఫల్‌మండి వెళ్లాను. అక్కడ ఒకప్పుడు టీవీలు, వీసీఆర్‌లు బాగుచేసిన ఒక భాయ్ ఉన్నాడు. ఇప్పుడు అదే కొట్టులో మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు. నేను సంచీలోంచి వీసీఆర్ తీయబోతే, చెయ్యి అడ్డం పెట్టి, కొట్టు ముందు నుంచి దాన్ని తీసేయమన్నాడు. ఆ పని మానేసి ఎన్నో ఏళ్లయిందట. అవి బాగుచేసిన రోజుల్లో తన నడుము పోయిందట, కళ్లు పోయాయట, ఊరంతా పెళ్లి క్యాసెట్లే తెచ్చేవాళ్లట. ఇదీ పెళ్లి క్యాసెట్టేనా అని అడిగాడు. కాదు, కబడ్డీ అన్నాను. అతను నా వైపు కాసేపు చూశాడు.

తరవాత లోపలికి వెళ్లి, కవర్ల పెట్టెల వెనక నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. నిండా రబ్బరు బెల్టులు, చక్రాలు. "ఇవన్ని పారేసిన అని ఇంట్ల చెప్పిన సార్. మా బేగంకు ఎరుకైతె పరేషాన్ అయితది" అన్నాడు. నాకు కావలసినవి ఏరి కాగితంలో చుట్టి ఇచ్చాడు. మిషన్ చూడనన్నవాడు పక్కకి వంగి సంచీలోకి తొంగి చూశాడు, వాసన పీల్చాడు. "నూనె మాత్రం పెట్టకుండ్రి" అన్నాడు. మా నాన్న పెట్టాడని చెప్పాను. అందరి నాన్నలూ పెట్టారన్నాడు.

అవి బిగించాక మిషన్ ఒక దారికి వచ్చింది గాని, క్యాసెట్టు బాగులేదు. దాని మీది చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తే టేపు అంచుల మీద తెల్లగా బూజు పట్టి ఉంది. దాన్ని అలాగే లోపలికి తోస్తే డ్రమ్ముకు బూజంతా అంటుకుని, టేపు పట్టుకుని తెగిపోతుంది. తెగితే ఇక అంతే, అది ఒక్కటే ఉంది. ఈ మాట మా ఆవిడకు చెప్పాను. చెప్పినందుకు తరవాత బాధపడ్డాను, ఎందుకంటే ఆనాటి నుంచి ఆమె క్యాసెట్టును నా చేతికి ఇవ్వలేదు.

టేపు మొత్తాన్ని చేత్తో తిప్పుతూ తుడవాలి. ఇంకో క్యాసెట్టు డొల్లలోకి మార్చాలి, పాతదాని లోపల కూడా బూజే. ఇంట్లో ఇంకేమైనా క్యాసెట్లున్నాయా అని వెతికితే రెండు దొరికాయి. ఒకటి ఎవరిదో గృహప్రవేశం, దాని డొల్ల ఒక మూల పగిలి ఉంది. రెండోది మా పెళ్లిది. నేను ఏదో అనబోయేలోపే మా ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుని మా పెళ్లిని విప్పేసింది. "మన పెండ్లి ఎవరు చూస్తరు" అంది. మా పెళ్లి చుట్ట ఇప్పుడు పాత బిస్కెట్ల డబ్బాలో ఉంది.

బాల్కనీలో, పగటి వెలుతురులో, ఇద్దరం ముక్కులకు మాస్కులు కట్టుకుని కూర్చున్నాం. నేను మెత్తటి గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టుకుని టేపును దాని గుండా పోనిస్తుంటే, ఆమె అవతలి చక్రాన్ని తిప్పింది. ఆమె చెయ్యి నిలకడ నా చేతికి లేదు. నేను గుడ్డ గట్టిగా పట్టినప్పుడల్లా ఆమె తిప్పడం ఆపి నా వైపు చూసేది, నేను వదులు చేసేవాణ్ని. గుడ్డ మీద తెల్లటి పొడి పడేది. మా అమ్మాయి ఆఫీసు కాల్ మాట్లాడుతూ బాల్కనీలోకి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మేమిద్దరం కలిసి ఒక పని చేయడం ఆమె అంతకు ముందు చూడలేదు.

పగిలిన డొల్లలో ఉన్న గృహప్రవేశాన్ని ముందు మిషన్‌లో పెట్టి చూశాను. మొదటిసారి నమిలింది. రబ్బరు చక్రాన్ని ఇంకోసారి తుడిచి, స్ప్రింగు కొంచెం సవరించాను. రెండోసారి ఆడింది. ఎవరో ఒకావిడ పాలు పొంగిస్తోంది. పాలు పూర్తిగా పొంగేదాకా ఇద్దరం నిలబడి చూశాం. ఆ తరవాతే మా ఆవిడ కబడ్డీ క్యాసెట్టు నా చేతికి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. మా ఆవిడ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఎందుకని మేం అడగలేదు. మా అమ్మాయి గ్రూపులో పెట్టడానికి ఫోన్ పట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చుంది. నేను బటన్ నొక్కాను.

ముందు తెర నిండా చుక్కలు వచ్చాయి. తరవాత బొమ్మ కిందికీ పైకీ దొర్లి నిలబడింది. రెండు గులాబీలు తిరుగుతూ వచ్చి ఒకటయ్యాయి. వెనక సన్నాయి మోగింది. పొరపాటున మా పెళ్లే పెట్టానేమోనని చూశాను. కాదు. గులాబీల వెనక నుంచి గ్రౌండు వచ్చింది.

కమిటీవాళ్లు పిలిచింది పెళ్లిళ్ల వీడియో అతన్ని. అతను పెళ్లిళ్లే తీసి ఉంటాడు. జ్యోతి వెలిగించడం మొదటి నుంచి చివరి దాకా తీశాడు. ముఖ్య అతిథికి దండ వేయడం తీశాడు, శాలువా కప్పడం తీశాడు, కప్పిన శాలువాను మడత పెట్టి పక్కవాడికి ఇవ్వడం తీశాడు. ఆట మొదలైంది. అతను కెమెరా తిప్పి, కుర్చీల్లో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీయడం మొదలుపెట్టాడు. పెళ్లి వీడియోలో ఎవరైనా పడకపోతే మాట వస్తుంది. మా పెద్దమ్మ పడలేదని, మా చిన్నాయనను వదిలేశావని తిడతారు. ఆ భయంతో అతను ఒక్కరిని కూడా వదల్లేదు. కెమెరా దగ్గరికి రాగానే ప్రతి మనిషీ ముఖం తుడుచుకుని, నిటారుగా కూర్చుని, కదలకుండా దాని వైపు చూస్తున్నాడు. వాళ్ల వెనక ఎక్కడో ఆడపిల్లల గొంతు కబడ్డీ కబడ్డీ అని వినిపిస్తోంది.

"వస్తది. ఇంకొద్దిసేపట్ల వస్తది" అంది మా ఆవిడ.

అప్పుడప్పుడు ఆట వచ్చింది. ఇద్దరు అతిథుల తలల మధ్య నుంచి ఎవరివో కాళ్లు కనిపించాయి. ఒకసారి పూర్తిగా గ్రౌండు కనిపించింది గాని, ఆడేవాళ్లు అప్పుడు నీళ్లు తాగుతున్నారు. తరవాత పళ్లాలు వచ్చాయి. ఎవరికి ఏం పెట్టారో మొత్తం తీశాడు. మా అమ్మాయి ఫోన్ ఎప్పుడో ఒళ్లో పెట్టేసుకుంది. ఆమె వెక్కిరించి ఉంటే బాగుండేది. మా ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆమె చీర కొంగును వేలికి చుట్టి విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. నాకు ఆ వీడియో అతన్ని పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది.

మైకులో, సీతాఫల్‌మండి జట్టు చివరి కూత అన్నారు. తెర నిండా ముఖ్య అతిథి ఉన్నాడు. ఆయన చేతిలో సమోసా ఉంది. కూత వినిపించింది, ఆడపిల్ల గొంతు, తెగకుండా, ఒకే శ్రుతిలో. ఆయన కొరికాడు. కూత ఇంకా వినిపిస్తోంది. జనం అరుపు మొదలైంది. ఆయన నమలడం ఆపాడు. అరుపు పెరిగింది. కూత ఎక్కడ ఆగిందో తెలియలేదు, ఎందుకంటే ఆయన సమోసాతో సహా లేచి నిలబడ్డాడు, ఆయన వెనక వరస మొత్తం లేచింది. కెమెరా ముందు కోట్లు, నడుములు తప్ప ఏమీ లేవు.

అప్పుడు ఆ వీడియో అతను, బహుశా తన జీవితంలో మొదటిసారి, అతిథులను వదిలేసి పరిగెత్తాడు. నేల కనిపించింది, ఆకాశం కనిపించింది, ఎవరిదో భుజం కనిపించింది. కెమెరా ఆగింది. ముగ్గుతో వేసిన మధ్యగీత. దాని మీద దుమ్ము, ఆ దుమ్ములో ఒకరి మీద ఒకరు పడి ఉన్న పిల్లలు. వాళ్లు ఒక్కొక్కరే లేచారు. అందరికంటే అడుగున ఒక పిల్ల బోర్లా పడి ఉంది, చెయ్యి చాచి ఉంది, చేతివేళ్లు గీత అవతల ఉన్నాయి. ఆ పిల్ల లేచింది. వీపు మా వైపు ఉంది. బనీను మీది నంబరు మట్టి కొట్టుకుపోయింది. ముఖం ఇటు తిప్పలేదు.

మా అమ్మాయి టీవీ వైపు ముందుకు వంగింది.

"ముఖం కనబడ్తలేదు మమ్మీ" అంది మా అమ్మాయి, చాలా మెల్లగా.

"నేనే" అంది మా ఆవిడ. ఆ మాట ఆమె ఇన్నేళ్లూ గట్టిగా చెబుతూ వచ్చింది. ఈసారి ఎవరినో అడిగినట్టుగా అంది.

నేను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మట్టి కొట్టుకున్న పిల్ల లేచింది. చేతులకు ముగ్గుపిండి అంటింది. చుట్టూ అందరూ అరుస్తూ మీదికి వస్తుంటే, ఆ పిల్ల ముందుగా చేసిన పని, రెండు అరచేతులూ వెనక్కి తిప్పి నడుము కింద తుడుచుకోవడం. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, మళ్లీ కుడిచెయ్యి.

మా వంటింట్లో సింకు పక్కన మేకుకు ఒక టవలు ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచి దాన్ని అక్కడ తగిలిస్తున్నది నేనే. గిన్నెలు కడిగాక మా ఆవిడ ఆ టవలు వైపు కూడా చూడదు. రెండు చేతులూ వెనక్కి తిప్పి చీరకు తుడుచుకుంటుంది, కుడి, ఎడమ, మళ్లీ కుడి. నేను సణగని రోజు లేదు.

"డాడీ, టవలు" అంది మా అమ్మాయి.

"అది మీ అమ్మే" అన్నాను.

మా అమ్మాయి ఫోన్ ఎత్తి, ఆ ముక్క మళ్లీ పెట్టమని, ఇప్పుడే గ్రూపులో పెడతానని అంది. మా ఆవిడ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని టీపాయ్ మీద బోర్లించింది. నాకు సంతోషంగా ఉంది, ఆమెకు ఇంకా ఎక్కువ ఉంటుందనుకున్నాను. ఆమె మమ్మల్ని ఒకరి తరవాత ఒకరిని చూసింది.

"పెట్టకు. ఇన్నేండ్లు నోటితోని చెప్తె ఇంట్లోళ్లే నమ్మలే, చేతులు తుడుసుకున్నది చూసి నమ్మిన్రు. ఆ గ్రూపోళ్లకు నా చేతులు ఏం ఎరుక?"

సెక్రటరీ చూస్తే అతనికి కనిపించేది ఎవరో ఒక పిల్ల వీపు. ఆ సాక్ష్యం చెల్లేది మా ఇద్దరి దగ్గరే. మాకు సాక్ష్యం కావలసి రావడమే ఆమె బాధ అని అప్పటికి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె మోకాలికి బెల్టు బిగించుకుని, పూజ గదిలోంచి ముగ్గు డబ్బా తీసుకుని కిందికి దిగింది. ఎవరూ పిలవలేదు. పార్కింగు వెనక ఖాళీ జాగాలో రాళ్లు ఏరి పక్కన పడేసింది. వంగి, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా తిన్నగా గీత గీసింది. బాల్కనీల్లో పిల్లలు ఒకరిద్దరు నిలబడి చూస్తున్నారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "అవతల నిలవడుండ్రి" అంది.

వెళ్లి నిలబడ్డాను.